కంటికి కనబడని చెలికాడు

మలయాళమున ‘మై డియర్ కుట్టిచాత్తన్’ అను పేరుతో 1984వ సంవత్సరము ఆగస్టు నెలలో వెలువడి, తెలుగున ‘చిన్నారి చేతన’గా వచ్చిన చలనచిత్రమును ఆనాటి బాలబాలికలు, అనగా నేటి తల్లిదండ్రులు, ఇంకను మరచిపోలేదు. భారతదేశమున మొట్టమొదటి త్రీడీ చిత్రమను కీర్తి దానికి దక్కినది. నవోదయ సంస్థ నిర్మించిన ఆ చిత్రమునకు దర్శకుడు జిజో. సంగీతము కూర్చినవాడు ఇళయరాజా. ఆట చూచువారికి ప్రత్యేకమైన కండ్లద్దములు ఇచ్చి, ఆట ముగిసిన పిదప తిరిగి పుచ్చుకొనెడివారు. ఒకరు పెట్టుకొన్న అద్దములు మరొకరు పెట్టుకొన్నచో కండ్లకలక అంటుకొనునని వదంతి పుట్టినది. అంతట అద్దములను ఆటకు ఆటకు శుద్ధి చేయుచున్నారని ప్రసిద్ధ నటులచేత తెరమీదనే చెప్పింపవలసి వచ్చినది. తెలుగువారికి ఆ మాట చెప్పినవాడు చిరంజీవి.

ఆ చిత్రము పేరెత్తగనే అందరును ఆ అద్దములనే తలచుకొందురు. లేదా, పిల్లలు ఒక గది గోడలమీదుగా నడచి, పైకప్పు మీదుగా సాగి, మరల నేలకు దిగివచ్చెడి పాటను తలచుకొందురు. ఆ పాటకొరకు ఉక్కుతో ఒక గదినే కట్టి, దానిని చక్రమువలె త్రిప్పుచు చిత్రించిరి. గారడీలన్నియు పాతబడును; అదియు పాతబడినది. దానిని అట్లుంచి కథను మాత్రము చేతికి తీసికొన్నచో ఉపాధ్యాయులకు పనికివచ్చు సంగతి ఒకటి అందు కలదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల బడులలో పాఠము చెప్పువారికి అది మరింత అవసరము. ఏల అవసరమో చెప్పుటకు ముందు కథను కొంచెము చెప్పవలెను.

ఒక దుష్టమాంత్రికుడు. వాని కట్టులో చిక్కి చాకిరి చేయుచున్న ఒక చిన్న దయ్యము. దానికి రూపము బాలునిదే. ఒక ఆడుపిల్ల, ఆమెతోటి బాలురు కలిసి దానిని ఆ కట్టునుండి విడిపింతురు. నాటినుండి అది వారికి నేస్తము. పెద్దల కంటబడకుండ వారితో మెలగును, అల్లరి చేయును, ఆటలాడును. ఆ పిల్లకు తల్లి లేదు. భార్య పోయిన దుఃఖమున తండ్రి త్రాగుడునకు అలవాటుపడినాడు. ఇంట మాటాడు దిక్కులేని ఆ పిల్లకు ఈ వింతనేస్తమే తోడు. మాంత్రికుడు ఊరకుండక దానిని మరల పట్టవలెనని వెంటబడుట, వాని పీడ విరగడ యగుట తక్కిన కథ.

ఇందులో కుట్టిచాత్తన్ అనునది రచయితల కల్పన కాదు. కేరళమున, ముఖ్యముగా మలబారు ప్రాంతమున, కొలుపులందుకొను దేవత అది. తెయ్యపు వేషములలో దానికి స్థానము కలదు. పూజతోపాటే భయమును కలదు. ఇంటిమీద ఎక్కడినుండియో రాళ్లు పడినచో, వడ్డించిన అన్నమున వెంట్రుకలు కనబడినచో, అది చాత్తన్ పనియనియు, గిట్టనివాడెవడో మాంత్రికునిచేత దానిని ఉసిగొల్పించినాడనియు చెప్పుకొనుట అక్కడి పాత వాడుక. తెలంగాణమున చేతబడి యని, బాణామతి యని గుసగుసగా చెప్పుకొను మాటలకు అది తోబుట్టువు. అట్టి పేరు తీసికొని దానికి ముందు ‘మై డియర్’ అని చేర్చుటయే ఆ చిత్రకారుల సాహసము. పెద్దలు పగవానిమీదికి ఉసిగొల్పెడి దానిని పిల్లలు భుజముమీద చేయివేసి ఆటకు పిలిచిరి. ఉక్కుగది త్రిప్పుటకంటె ఇది కష్టమైన పని.

తెలుగువారు పేరు మార్చిరి. చాత్తన్‌ను చేతన చేసిరి. శబ్దములు దగ్గరగా నుండుటవలన చేసిరో, దయ్యము పేరు పెట్టినచో ఇంటిల్లిపాది రారని భయపడి చేసిరో గాని, మంచి మాటయే దొరకినది. చేతన యనగా ప్రాణము, ఎరుక, జడమునకు ఎదురుమాట. పిల్లల ఊహలో రాయికిని, రెమ్మకును, బొమ్మకును ఉండునది అదియే గదా! అయినను ఈ మార్పువలన ఒక నష్టము కలిగినది. భయపెట్టు పేరు ముద్దు పేరుగా మారినదని మలయాళ బాలునికి గోడమీది ప్రకటనలోనే తెలిసియుండును. తెలుగు బాలునికి అది తెలియు వీలు లేకపోయినది. అమ్మమ్మ చెప్పి భయపెట్టిన దయ్యమే ఈ నేస్తమని గుర్తుపట్టుటలోని ఆనందము వానికి దక్కలేదు.

తెలుగు తెరకు అద్భుతము క్రొత్తది కాదు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ని ఎరుగనివారు లేరు. ఆ ప్రతిమ తోటరాముని చేతనున్నంతవరకు వానికి మేడలు కట్టును. నేపాళ మాంత్రికుని చేత చిక్కగనే ఆ సంపదనంతయు, రాకుమారితో సహా, వానికి అప్పగించును. పట్టినవాడు మంచివాడా చెడ్డవాడా యని అడుగదు. అల్లావుద్దీను దీపమునకును ఇదియే ధర్మము. ఇవి సేవకులు. చిన్నారి చేతన అట్టి సేవనుండి తప్పించుకొని వచ్చినవాడు. పిల్లలు వానికి యజమానులు కారు. తోడు వేరు, చాకిరి వేరు అని పదేండ్ల పిల్లలకు వేదాంతము చెప్పకుండ తెలియజేసిన చిత్రమది. ఎన్.టి. రామారావు నటించిన జానపద చిత్రములు ఎన్నింటినో చూచి ఆనందించిన తెలుగు ప్రేక్షకునికి, ఈ ఒక్క విషయమున మాత్రము ‘చిన్నారి చేతన’ క్రొత్తగా కనబడుటకు కారణము ఇదియే.

జానపద చిత్రములను గూర్చి చెప్పుచున్నప్పుడు సిరిసిల్లను తలపక తప్పదు. 1962లో వచ్చిన ‘గులేబకావళి కథ’కు పాటలు వ్రాసి చిత్రసీమలో అడుగుపెట్టిన సి. నారాయణరెడ్డిగారు అప్పటి సిరిసిల్ల తాలూకాలోని హనుమాజీపేటలో 1931లో పుట్టినవారు. ఒగ్గుకథ చెప్పుటలో పేరుపొందిన మిద్దె రాములుగారిదియు ఆ ఊరే. ఒక కవి, ఒక కథకుడు. ఒకరు జ్ఞానపీఠము నెక్కిరి, ఒకరు డోలు చప్పుడుతో పల్లెలనెక్కిరి. అద్భుతమును నమ్మించుట యిరువురికిని తెలిసిన విద్య. ఈ ప్రాంతపు పిల్లలకు ఊహ కరవైనదని ఎవరైన అన్నచో ఆ మాట చెల్లదు.

ఇక చందమామ సంగతి. 1947 జూలైలో మొదలైన ఆ మాసపత్రికలో దశాబ్దములపాటు బేతాళకథలు వచ్చినవి. శ్మశానము, చెట్టుకొమ్మ, రాజు భుజముమీద శవము, ఆ శవములో బేతాళుడు. పిల్లవాడు జడుసుకొనుటకు కావలసిన హంగులన్నియు కలవు. అయినను ఆ పుటకొరకే అన్నదమ్ములు పుస్తకమును లాగుకొనెడివారు. ఏలన, ఆ బేతాళుడు పీడింపడు. కథ చెప్పును, చివర చిక్కుప్రశ్న వేయును. జవాబు సరిగా చెప్పినచో ఎగిరిపోవును, అనగా మరల వచ్చును. తెలుగు బడులలో ఇంత మంచి ప్రశ్నలు వేసిన ఉపాధ్యాయులు ఎందరుందురో!

ఇంకను వెనుకకు పోయినచో ప్రహ్లాదుడు కలడు. 1932లో తెలుగు మాటలు పలికిన మొదటి పూర్తి చిత్రము ‘భక్త ప్రహ్లాద’యే. 1967లో ఏ.వి.ఎం. వారు దానిని మరల తీసినప్పుడు ప్రహ్లాదుని వేషము చిన్నారి రోజారమణిది, హిరణ్యకశిపుని వేషము ఎస్.వి. రంగారావుది. జగిత్యాల జిల్లా పిల్లలకు ఈ కథను చెప్పనక్కరలేదు. గోదావరి యొడ్డున ధర్మపురిలో నరసింహస్వామి వెలసియున్నాడు. పుష్కరములకో, జాతరకో, తలనీలాలకో ఆ గుడికి పోయిరాని యిల్లు అరుదు. భక్తిని భక్తులకు విడిచి, కథను కథగానే చూతము. ఒక బాలునికి ఒక తోడు కలదు. ఆ తోడు అన్యులకు కనబడదు. ఉన్నచో చూపుమని తండ్రి అడుగును, బెదిరించును, ఏనుగులచేత త్రొక్కించును. కడపట ఆ తోడు బయటపడినప్పుడు అది సగము మనిషి, సగము సింహము. ఆ రూపము చూచి దేవతలు సహితము దగ్గరకు పోవుటకు జంకిరి. దగ్గరకు పోయినవాడు ఆ బాలుడొక్కడే. ఈ కథను వెయ్యేండ్లుగా వినుచున్న జాతికి, పిల్లవాని కంటికి మాత్రమే కనబడు నేస్తము పరదేశపు సరకుగా తోచుట వింత.

ఈ సందర్భమున చండామార్కులను గూర్చి ఉపాధ్యాయులు ఒకసారి ఆలోచింపవలెను. వారి పేరు తిట్టుగా మిగిలిపోయినది గాని, వారు దుర్మార్గులు కారు. శుక్రాచార్యుని కుమారులు, చదువుకొన్నవారు, కొలువులో నున్నవారు. తాము నేర్పని మాట శిష్యుని నోట వచ్చినది. రాజు కన్నెఱ్ఱ చేసెను. ఇది మేము చెప్పినది కాదు, మరియొకరు చెప్పినదియు కాదని వారు విన్నవించుకొనిరి. పిల్లవానికి ఆ మాట ఎక్కడిదని వారు విచారింపలేదు. తమమీదికి రాకుండ చూచుకొనిరి. పాఠ్యప్రణాళికలో లేని సంగతి పిల్లవాడు చెప్పినప్పుడు, పై అధికారికి ఏమి సమాధానము చెప్పవలెనని మొదట తలచుట నేడు పుట్టిన అలవాటు కాదన్నమాట.

ఇతర దేశముల చిత్రములను చూచినచో ఈ కనబడని నేస్తము ఎట్టి యింటికి వచ్చునో స్పష్టముగా తెలియును. 1977లో అమెరికాలో డిస్నీవారు తీసిన ‘పీట్స్ డ్రాగన్’లో పీట్ అను బాలుడు తల్లిదండ్రులు లేనివాడు, కొని తెచ్చుకొన్నవారి దెబ్బలు పడలేక పారిపోయినవాడు. వానికి తోడు ఎలియట్ అను రెక్కల మృగము. అది ఇచ్చవచ్చినప్పుడు మాయమగును. దాని అల్లరికి దెబ్బలు మాత్రము పీట్‌కు తగులును. ఆ కథనే 2016లో మరల తీసిరి. 1982లో వచ్చిన ‘ఈ.టీ.’లో బాలుని తండ్రి ఇల్లు విడిచిపోయినాడు. జపాను దేశమున మియజాకి 1988లో తీసిన ‘మై నైబర్ టోటోరో’లో ఇద్దరు అక్కచెల్లెండ్ర తల్లి ఆసుపత్రిలో నున్నది; అడవిలోని ఆ బొద్దుజంతువు పెద్దలకు కనబడదు. చిన్నారి చేతనలోని ఇంటిలో తల్లి లేదు, తండ్రి ఉండియు లేడు. నాలుగు దేశముల కథకులు కూడబలుకుకొన్నట్లు, ఇంటిలో ఒక పీట ఖాళీగానున్న చోటికే ఈ నేస్తమును పంపిరి. కాదు, మూడు దేశములే. మొదటి రెండును ఒకే దేశమువి.

జగిత్యాల, కోరుట్ల పరిసరముల పల్లెలలో ఇట్టి ఖాళీపీటలు ఎన్నియో కలవు. తండ్రి దుబాయిలోనో, సౌదీలోనో, మస్కటులోనో ఉండును. తల్లి బీడీలు చుట్టుచు చేటమీదినుండి తల యెత్తదు. బిడ్డ మాటలాడుటకు తాతమ్మ దొరకినచో అదృష్టమే. సిరిసిల్లలో తండ్రి ఊరనే ఉండవచ్చును గాని, మరమగ్గముల చప్పుడులో పండ్రెండు గంటలు నిలిచి వచ్చినవాని చెవికి పిల్లవాని మాట వెంటనే ఎక్కదు. ఎందరో నేతపనివారు ఆ ఊరినుండి భీవండికి పోయినవారే. బడిపిల్లలు తొడుగుకొను సర్కారు దుస్తుల గుడ్డ చాలవరకు ఆ మగ్గములమీదనే నేయబడినది. ఇప్పుడు చేతిఫోనులో తండ్రి ముఖము కనబడుచున్నది, నిజమే. కనబడుచు పక్కన లేని తండ్రి ఒకవైపు, కనబడక పక్కన కూర్చున్న నేస్తము మరియొకవైపు. ఈ రెంటి నడుమ నున్న ఐదేండ్ల పిల్ల ఏమి ఊహించుకొనునో ఏ గణాంకములలోను దొరకదు.

ఇట్లనుటవలన, ఊహానేస్తము గల పిల్లలందరును దిక్కులేనివారని అనుకొనరాదు. అది సినిమావారి సౌకర్యము. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయమున మార్జొరీ టేలర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఈ విషయమునే ఏండ్ల తరబడి పరిశీలించినది. 2004లో ఆమెయు, సహచరులును ప్రకటించిన పరిశీలన ప్రకారము ఏడేండ్లు నిండునంతలో నూటికి 65 మంది పిల్లలకు ఏదో ఒకనాడు ఇట్టి నేస్తము ఉండియున్నది. బొమ్మకు ప్రాణము పోసి, దానికొక స్వభావమును కల్పించి మాటలాడించుటయు ఇందులో చేరును. ఇది రోగము కాదు, బుద్ధిలోపము కాదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి ఆమె చెప్పినది: ఆ నేస్తము నిజముగా లేదని పిల్లలకు చాలవరకు తెలిసియే యుండును. గుచ్చి గుచ్చి అడుగు పెద్దలకు, ఇది ఊరక అనుకొన్నదేయని వారే నచ్చజెప్పుదురట. ఆటను ఆటగా ఎరిగియే పిల్లలు ఆడుదురు.

ఇప్పుడు పెద్దల సంగతి చూడవలెను. 2022వ సంవత్సరము జనవరి నెలలో జగిత్యాలలో, మంత్రములు చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, అతని ఇద్దరు కుమారులను కులసంఘపు సమావేశమునందే పొడిచి చంపిరి. ఊరికి దూరముగా, చీకటిలో, తెలియక జరిగినది కాదు; పదిమంది కూడిన చోట జరిగినది. చంపినవారికి కనబడినది ఏమి? జ్వరము, చావు, నష్టము కనబడియుండును. మంత్రము మాత్రము కనబడలేదు. అది ఎన్నడును కనబడదు. కనబడని శక్తి ఒకటి పక్కింటినుండి తమ యింటికి వచ్చుచున్నదని నమ్మిరి. నమ్మి, కత్తి తీసిరి. తెలంగాణ పల్లెలలో ఇట్టి అనుమానములకు బలియైనవారు వీరొక్కరే కారు. కొట్టబడినవారు, ఊరు విడిచినవారు, పండ్లు ఊడగొట్టబడినవారు ఎందరో కలరు.

ఈ రెంటిని ఒకచో నుంచి చూచినచో కలుగు ఆశ్చర్యము అంతయింత కాదు. తన పక్కన కనబడని నేస్తమున్నాడని పసిపిల్ల చెప్పినచో అబద్ధమాడకుమని చెంపమీద కొట్టెడి పెద్దలే, పక్కింటి ముసలివాని చేతిలో కనబడని శక్తి కలదని తాము నమ్ముదురు. పిల్ల తన నేస్తమునకు ముద్ద పెట్టును. పెద్దలు తమ శత్రువునకు కత్తి చూపుదురు. ఎవరి కల్పన కల్పనయని ఎవరికి తెలిసియున్నది? దెబ్బ తినుచున్నది ఎవరు?

హేతువాదమందు అభిమానము గల ఉపాధ్యాయులు ఈ ప్రాంతమున చాలమంది కలరు. కళాజాతలు నడిపినవారు, పల్లెలకు పోయి నిప్పులమీద నడచి అందులో మహిమ లేదని చూపినవారు. వారి సేవ గొప్పది. పౌరులు శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుకొనవలెనని 1976 నాటి 42వ సవరణచేత రాజ్యాంగమునందు 51ఎ అధికరణముగా చేర్చిన మాటను వారు తరచు గుర్తుచేయుదురు. అట్టివారిలో కొందరు ఒక ఆక్షేపణ తెత్తురు: దయ్యము కథలు, మాయల సినిమాలు పిల్లలకు చూపుటవలననే కదా వారు పెరిగి చేతబడిని నమ్ముచున్నారు? వీనినన్నిటిని బడినుండి తొలగింపవలెను గదా?

ఆ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. భయము పుట్టించి సొమ్ము చేసికొను చిత్రములు లెక్కలేనన్ని వచ్చినవి, వచ్చుచున్నవి. నిమ్మకాయలు, ముగ్గులు, తల విరియబోసికొన్న స్త్రీలు. పక్కవానిని అనుమానించుట నేర్పునవి అవియే. ‘చిన్నారి చేతన’లోను ఈ దోషము లేకపోలేదు. అందలి మాంత్రికుని మంత్రము నిజముగానే పనిచేయును. వాడు దయ్యమును నిజముగానే కట్టును. మాంత్రికుడు వట్టి మోసగాడని ఆ చిత్రము చెప్పియున్నచో ఎంత బాగుండెడిది! అట్లు చెప్పినచో కథయే లేదని దర్శకుడు అనవచ్చును. ఏమైనను ఆ చిత్రము చూపించిన పిమ్మట, మాంత్రికుని భాగమును గూర్చి పిల్లలతో మాటలాడక విడిచిపెట్టరాదు. త్రాగుడు సన్నివేశములును ఇంత విరివిగా నుండనక్కరలేదు.

కాని ఆక్షేపించువారు రెండు వేరు వస్తువులను ఒకే మూటలో కట్టుచున్నారు. చేతబడిని నమ్మువాడు ఊహ ఎక్కువై నమ్ముటలేదు. వానికి ఊహ చాలక నమ్ముచున్నాడు. బిడ్డ చనిపోయినది, కారణము డాక్టరు చెప్పలేదు, చెప్పినను అర్థము కాలేదు. ఆ ఖాళీలో ఊరివారు తయారుచేసి యిచ్చిన ఒకే ఒక కథ కలదు: ఎవడో చేసినాడు. వేరొక కథను అల్లుకొనుట వాడు చిన్ననాడు నేర్వలేదు. ‘ఇట్లును జరిగియుండవచ్చును, అట్లును జరిగియుండవచ్చును’ అని పది విధముల ఊహించుట అలవాటైనవాడు ఒక్క కథకు అంత తేలికగా లొంగడు. బేతాళుని ప్రశ్నకు జవాబు వెదకిన పిల్లవానికి ఆ అలవాటు కొంత వచ్చును. తాను కల్పించిన నేస్తమును తానే మాయము చేయగలిగిన పిల్లకు కల్పన యెట్లు పుట్టునో, ఎవరు పుట్టింతురో లోపలినుండి తెలియును. ప్రయోగశాలలో నేర్పు శాస్త్రమునకు ఇది విరోధి కాదు. మహారాష్ట్రమున 2013లో, కర్ణాటకమున 2017లో మూఢాచారములపై చట్టములు వచ్చినవి, అట్టివి అవసరమే. అయితే చట్టము ఎవడో కత్తి తీసిన తరువాత వచ్చును. మూడవ తరగతి తెలుగు ఉపాధ్యాయుడు అంతకు ఇరువదియేండ్లు ముందుగా వచ్చుచున్నాడు.

బాలసాహిత్యమునకు ఈ నేల కొరగానిది కాదు. కోరుట్లకు చేరువనున్న మెట్‌పల్లి ప్రాంతపు వాసాల నర్సయ్యగారికి 2017లో, సిరిసిల్లలో పుట్టిన పత్తిపాక మోహన్‌గారికి 2022లో కేంద్ర సాహిత్య అకాడమీవారి బాలసాహిత్య పురస్కారము లభించినది. పెద్దలు పిల్లలకొరకు వ్రాసినది అట్లు గౌరవము పొందినది. పిల్లలు తమకొరకు వ్రాసికొనునది మాత్రము నోటుపుస్తకమునకు బయట పడుట అరుదు. ఏలన, వ్యాసరచన యనగా బల్లమీద వ్రాసినది దింపుకొనుట. ఆవును గూర్చి వ్రాయుమన్నచో నలుబది పుస్తకములలో నలుబది ఆవులకును నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక. పేరున్న ఆవు ఒక్కటియు కనబడదు.

కోరుట్ల పక్కన పసుపు పండించు ఏ పల్లెలోనో ఐదవ తరగతి బాలుడొకడు ఇట్లు వ్రాసినాడనుకొందము: ‘మా బర్రె వీపు మీద తోక లేని పిట్ట కూసుంటది. అది నాకే కనబడ్తది.’ ఎఱ్ఱసిరా గల ఉపాధ్యాయునికి ఇందులో తప్పులు చాల కనబడును. బర్రెను గేదె చేయవలెను, కూసుంటదిని కూర్చుంటుంది చేయవలెను. తోక లేని పిట్ట లేదు కనుక దానిని కొట్టివేయవలెను. వానికే కనబడుటయు అసత్యమే కనుక అదియు పోవలెను. దిద్దిన పిదప గేదె యొక్కటి మిగులును, నలుబది ఆవుల పక్కన కట్టివేయుటకు. ఇంటి పలుకును, కనబడని పిట్టను ఒక్క గీతతోనే కొట్టివేయుట ఈ ప్రాంతపు బడులలో తరతరములుగా జరిగినది. ఒకప్పుడు ఉర్దూ మాధ్యమమున చదివి, పిదప పుస్తకపు తెలుగులో చదివిన పిల్లలు తమ యింటి మాటను గడపదగ్గరనే విడిచి బడికి పోయిరి. నేడు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. గడప మాత్రము మారలేదు.

వ్రాత దిద్దవద్దని కాదు. దిద్దుటకు ముందు ఒక పనియున్నది. ఆ బాలుని దగ్గరకు పిలిచి, ఆ పిట్ట పేరేమి, అది ఏమి తినును, వానలో తడియునా, తోక ఎట్లు పోయినది, బర్రె చెరువులో దిగినప్పుడు అది ఎక్కడికి పోవును, వాడు బడిలోనున్నంతసేపు దానికి ఎవరు తోడని అడుగవలెను. వాడు చెప్పినంతసేపు వినవలెను. మిగిలినది రేపు వ్రాసికొని రమ్మనవలెను.